ఎర్రకారు, బూడిదకారు, మా తూకంరాయి

ఖరీదైన కారు లోపల ఎలాంటి వాసన వస్తుందో మీకు తెలియదు. తోలు వాసన, కొత్త వాసన అనుకుంటారు మీరు. నేను చెబుతాను వినండి. చెమట, సెంటు, కాలిన బ్రేకు, వాటన్నిటి కింద ఎవడో కక్కిన పళ్ళరసం. రేసు ట్రాకులో కార్ల లోపలిభాగం కడిగి తుడిచే పని నాది. డబ్బున్నవాళ్ళు సెలవు రోజున వచ్చి, పందెం కార్లలో నాలుగు చుట్లు తిరిగి, కడుపులో ఉన్నదంతా సీటు కుట్ల సందుల్లో పోసి, బయటికొచ్చి ‘అబ్బ, ఏం కారు’ అంటూ ఫొటో దిగి వెళ్ళిపోతారు. ఆ సందుల్లోంచి దాన్ని పళ్ళు తోముకునే బ్రష్షుతో తీసేది నేను. అందుకే ఎవరైనా నా ముందు స్పోర్ట్స్ కార్ల గొప్పలు మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది.

అయినా ఇది నా గోడు కాదు, మా తమ్ముడి సంగతి. వాడు అదే ట్రాకులో డ్రైవరు. నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళీ పెటాకులూ లేవు, మా ఇంటి వెనక గదిలోనే ఉంటాడు. ట్రాకులో వాణ్ణి అసలు పేరుతో పిలిచేవాళ్ళే లేరు. అందరికీ వాడు తూకంరాయి. ఆ పేరు ఊరికే రాలేదు. ఒకే కారులో ఎన్ని చుట్లు తిప్పమన్నా ప్రతి చుట్టూ ఒకే టైముకి పూర్తి చేస్తాడు, తేడా వస్తే రెప్పపాటు. రెండు కార్లని పోల్చాలంటే అలాంటి మనిషే కావాలి మరి. ఒకదాన్ని హుషారుగా, ఇంకోదాన్ని నీరసంగా నడిపితే, వచ్చిన తేడా కారుదో మనిషిదో ఎవరు చెప్పగలరు? వాడు నడిపితే ఆ అనుమానం ఉండదని పేరు. అందుకే పత్రికలవాళ్ళు, వీడియోలవాళ్ళు కొత్త కార్లేసుకుని వాడి దగ్గరికే వస్తారు.

వాడికో తంతు ఉంది. ముందు ట్రాకువాళ్ళ పాత తెల్లకారు తీసుకుని తిరుగుతాడు. దాన్ని ‘ఒళ్ళు సర్దుకోవడం’ అంటాడు. దాంట్లో తనకి ఎప్పుడూ వచ్చే టైము వచ్చేదాకా దిగడు. వచ్చాకే కొత్త కారు ముట్టుకుంటాడు. ఒక కారు దిగి ఇంకో కారు ఎక్కే లోపు ఎవరితోనూ మాట్లాడడు, మంచినీళ్ళు కూడా తాగడు. తాగితే బరువు మారుతుందట. బూట్లు ఎప్పుడూ అవే. వాటికి అడుగులు ఎన్నిసార్లు మార్పించాడో చెప్పులు కుట్టేవాడికే తెలియాలి. ‘ఏరా, కాళ్ళు కూడా అవేనా, అవీ మార్పించావా’ అని నేను ఏడిపిస్తే నవ్వి ఊరుకునేవాడు. టీవీలో ఏ కారు ప్రకటన వచ్చినా దాని టైము ఠక్కున చెప్పేవాడు. వాడికి ఆస్తి లేదు, చదువు అంతంతమాత్రం. తన నోట వచ్చిన టైము అబద్ధం కాదన్నదే వాడికున్న గర్వం. నాకూ అదే గర్వం, దాచుకోవడం ఎందుకు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మా ఆయన అదే ట్రాకులో బ్రేకుల మెకానిక్కు. కొన్నేళ్ళ కిందట ఒక కారు బ్రేకులో ఏదో చప్పుడు వస్తోందంటే, వినడానికని తమ్ముడి పక్క సీట్లో కూర్చున్నాడు. ట్రాకులో పొడుగాటి తిన్నని దారి ఒకటుంది, దాని చివర పెద్ద మలుపు. అక్కడ తమ్ముడు బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. బ్రేకు ఆయిలు మరిగిపోయిందని తర్వాత తేలింది. ఎవరి తప్పూ లేదు. కారు కంకరలోంచి దూసుకుపోయి టైర్ల గోడకి గుద్దుకుంది. తమ్ముడి ఒంటి మీద గీత పడలేదు. మా ఆయన మోకాలు నుజ్జయింది.

ఆయన ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ తమ్ముడు మంచం పక్కనే కూర్చునేవాడు, మోకాలి కట్టు వైపు మాత్రం చూసేవాడు కాదు. మా ఆయన ఇంటికొచ్చి, టైర్ల షెడ్డులో స్టూలు మీద కూర్చుని చేసే పనిలో చేరాక, తమ్ముడు ఒక డబ్బా తెల్లరంగు తీసుకెళ్ళి ఆ మలుపుకి బాగా ముందు, దారి అంచున ఒక గీత గీశాడు. ఎందుకురా అంటే, ఎప్పుడూ ఒకే చోట బ్రేకు తొక్కడానికి అన్నాడు. మంచిదేగా అనుకున్నాం. వాడూ అలాగే అనుకున్నాడు. తూకంరాయి అన్న పేరు వచ్చింది ఆ తర్వాతే.

కార్లని పోల్చి వీడియోలు చేసే పెద్దమనిషి ఒకడు ఏటా మా ట్రాకుకి వస్తాడు. ఏది కొనాలి, ఏది కొనకూడదు అని తేల్చి చెబుతాడు. లక్షలమంది చూస్తారట. నేను ఆయనకి తీర్పరి అని పేరు పెట్టాను. కెమెరా ముందు నవ్వుతుంటే పెద్దింటి అల్లుడిలా ఉంటాడు. కెమెరా ఆగిన మరుక్షణం నములుతున్న చూయింగ్ గమ్ తీసి సీటు కింద అంటిస్తాడు. ఏం, కిటికీ లేదా, కాగితం లేదా? బిస్కెట్లు తిని ఆ వేళ్ళు తలుపు లోపలి మెత్తటి గుడ్డకి తుడుస్తాడు. ఆయన దిగిపోయాక ఆ కార్లలో చెయ్యి పెట్టే ముందు నేను రెండు జతల గ్లవ్స్ తొడుక్కుంటాను.

ఈసారి రెండు కార్లు తెచ్చాడు. ఒకటి ఎర్రది, నేలకి బల్లిలా అతుక్కుని ఉంటుంది. ఇంకోటి బూడిదరంగుది, చూస్తే మామూలు కారుకి అన్నయ్యలా ఉంటుంది. ఎర్రకారుని కనిపెట్టుకుని ఉండటానికి దాని కంపెనీ ఒక డ్రైవరమ్మని పంపింది. తీర్పరి పద్ధతి ప్రకారం మొదటి రోజు రోడ్డు మీద, మర్నాడు ట్రాకు మీద. తమ్ముడూ ఆ డ్రైవరమ్మా కార్లు మార్చుకుంటూ నడపాలి. రోడ్డు మీద కార్లకి దుమ్ము అంటినప్పుడల్లా తుడవాలి కదా, అందుకని నన్నూ నా బకెట్లనీ వెనక వ్యానులో ఎక్కించారు.

ఆ రోజు పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. ఊరు దాటకముందే ఎర్రకారు ఒక స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట గీరుకుని అక్కడే నిలబడిపోయింది. వెనక బస్సు, దాని వెనక ఇంకో బస్సు, అందరూ హారన్లు. తీర్పరి బృందం మొత్తం రోడ్డు మీద బోర్లా పడుకుని కారు కింద తొంగిచూస్తోంది. బస్సులో జనం కిటికీల్లోంచి మమ్మల్ని తిట్టిన తిట్లు న్యాయమైనవే. ఎట్టకేలకి కారుని ఏటవాలుగా తిప్పి, అంగుళం అంగుళం దాటించారు. ఆ తర్వాత తీర్పరి కెమెరా ముందు నిలబడి, ఈ కారు రోడ్డు మీదున్న ప్రతి గులకరాయినీ మీకు పరిచయం చేస్తుంది, అదే దీని అందం అన్నాడు. కెమెరా ఆగగానే నడుము పట్టుకుని మా వ్యానులో వెల్లకిలా పడుకున్నాడు. ఎర్రకారులో మళ్ళీ కూర్చోమంటే వినిపించనట్టు మొహం తిప్పుకున్నాడు.

ఇంకో చోట ఫ్లైఓవరు కింద కారు ఆపించి, శబ్దం బాగా మోగుతుందని తమ్ముడి చేత ఎర్రకారు యాక్సిలరేటరు పదేపదే తొక్కించాడు. నా చెవులు చిల్లులు పడ్డాయి. పక్క బస్టాపులో ఒక తల్లి బిడ్డని భుజాన వేసుకుని జోకొడుతోంది. బిడ్డ ఉలిక్కిపడి లేచి, గుక్కపట్టి ఏడ్చింది. ఆ తల్లి మా వంక చూసిందంతే. నేను బకెట్టు వెనక మొహం దాచుకున్నాను. తమ్ముడు కాలు తీసేశాడు. ‘ఇంకొక్కసారి మాస్టారూ’ అన్నాడు తీర్పరి. మా వాడు ఇంజను ఆపి దిగిపోయాడు. ఎదురుచెప్పడం చేతకాదు గానీ, దిగిపోవడం చేతనవును వాడికి.

సాయంత్రం వ్యాను దగ్గర నాతో అన్నాడు. బూడిదది రోడ్డు మీద బాగుందట, గుంతలో పడ్డా ఒంటికి తెలియడం లేదట, ఎర్రదాంట్లో పళ్ళు కదులుతున్నాయట. ఆ ముక్క ఆయనతో చెప్పరా అన్నాను. ఆయన అడగలేదు అన్నాడు. అడగడు. ఆయనకి కావలసింది ట్రాకు మీద వాడి కాలు, వాడి నోరు కాదు.

మర్నాడు ట్రాకు. తమ్ముడు పాత తెల్లకారులో ఒళ్ళు సర్దుకున్నాడు. బూడిదది తిప్పాడు. కాసేపు గోడవైపు తిరిగి మౌనంగా నిలబడ్డాడు. ఎర్రది తిప్పాడు. రెండింటికీ మధ్య తేడా పదోవంతు సెకను. తీర్పరి కెమెరాకేసి తిరిగి, నరాలు తెగే పోటీ అని చప్పట్లు కొట్టాడు. నేను గుడ్డ పిండుకుంటూ అనుకున్నాను, నిరుడు కూడా ఇంతే, అటు ముందేడు కూడా ఇంతే, ఈ కంపెనీలన్నీ కూడబలుక్కుని కార్లు చేస్తున్నాయా ఏంటి అని. అంతకుమించి నా బుర్రకి తట్టలేదు.

ఆ తర్వాత కెమెరావాళ్ళకి దూరం నుంచి బొమ్మలు కావాలంటే, డ్రైవరమ్మ ఎర్రకారు తీసుకుని ఒక చుట్టు తిరిగొచ్చింది. ఎవరూ టైము చూడమని చెప్పలేదు. మా ఆయన మాత్రం అలవాటు కొద్దీ షెడ్డులోంచి స్టాప్ వాచీ నొక్కాడు. మా తమ్ముడి కంటే నాలుగు సెకన్లు తక్కువ. ట్రాకు మీద నాలుగు సెకన్లంటే మాటలు కాదు. మా ఆయన వాచీని చెవి దగ్గర పెట్టుకుని చూశాడు, అదేదో కీ ఇచ్చే పాత గడియారం అయినట్టు.

డ్రైవరమ్మ హెల్మెట్ తీసి, తిన్నగా మా తమ్ముడి దగ్గరికొచ్చింది. గొప్పలు పోయే మనిషి కాదు. పాపం, మర్యాదగానే అడిగింది.

“అన్నా, ఏమీ అనుకోకండి. రెండు కార్లకీ ఆ తెల్లగీత దగ్గరే ఎందుకు తొక్కుతున్నారు?”

“ఒకేలా ఉండాలి కదమ్మా.”

“ఏ కారు ఎంత దూరం వెళ్ళి ఆగగలదో అంతదాకా తీసుకెళ్తే కదా తేడా తెలిసేది. మీరు గీత దగ్గరే ఆగిపోతున్నారు. ఎర్రది అక్కడికి చాలా అవతల తొక్కినా ఆగుతుంది.”

మీకు అర్థం కాకపోతే నేను చెబుతాను, నాకూ మా ఆయన చెబితేనే అర్థమైంది. మంచి బ్రేకులున్న కారు మలుపు దాకా వేగంగా వెళ్ళి, చివర్లో తొక్కినా నిలదొక్కుకుంటుంది. దానికి టైము కలిసొచ్చేది అక్కడే. అంతంతమాత్రం కారు ముందే తొక్కాలి. మా వాడు రెండింటినీ ముందే తొక్కుతున్నాడు. ఇద్దరికీ ఒక్కో గరిటె వడ్డించి, ఇద్దరూ తినేశారు కాబట్టి ఇద్దరిదీ ఒకే ఆకలి అని తేల్చినట్టు. ఒక్క ఆ మలుపులోనే కాదు, అక్కడ పట్టుకున్న జాగ్రత్త మిగతా మలుపులన్నిటికీ పాకింది. అంత ఒక్కలా నడిపే మనిషి కాకపోతే ఈ పొరపాటు ఎప్పుడో బయటపడేది. అటూ ఇటూ ఊగే డ్రైవరైతే ఏదో ఒకరోజు గీత దాటేసేవాడు. మా వాడు తూకంరాయి కదా, దాటలేదు.

తమ్ముడు హెల్మెట్ అక్కడే నేల మీద పెట్టేశాడు. టైర్ల షెడ్డులోకి వచ్చి, మా ఆయన స్టూలు పక్కన నేల మీద కూలబడ్డాడు. నేను మంచినీళ్ళిస్తే తాగలేదు.

“ఇన్నేళ్ళు నేను చెప్పినవన్నీ తప్పే అక్కా. ఒక్క కారు టైమూ నిజం కాదు,” అన్నాడు.

ఊరుకోరా, ఒక గీతకే అంత రాద్ధాంతమా అన్నాను. ఆ గీత ఒకేలా ఉండటానికి గీసింది కాదక్కా అన్నాడు. దాని అవతలికి వెళ్తే కాలు తనంతట తనే బ్రేకు మీదకి దూకుతుందట, బావ మోకాలు కళ్ళముందు కనిపిస్తుందట. భయమేస్తుంది అని వాడు నోరు తెరిచి అనడం నేను వినడం అదే మొదటిసారి. మా ఆయన చేతిలోని టైరు పక్కన పెట్టాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుని కోపం చేసుకోవడం నాకు బాగా అలవాటు. వెళ్ళి ఆ తీర్పరితో చెప్పు, ఆ టైములు వేయొద్దని చెప్పు, లేకపోతే నేను చెబుతాను అన్నాను.

వాడే వెళ్ళాడు. తీర్పరి నీడలో కుర్చీ వేయించుకుని, నడుముకి దిండు పెట్టుకుని టీ తాగుతున్నాడు. తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడి, తడబడుతూనే అయినా, అంతా చెప్పాడు. బ్రేకు ముందే తొక్కుతున్నానని, పొద్దుటి టైములు కార్లవి కావని, పాతవి కూడా సరిచేయాలని. ఆయన నవ్వాడు. కోప్పడినా బాగుండేది.

“నాకు మొదటి ఏడాదే తెలుసు మాస్టారూ. ఒక కారు నాలుగు సెకన్లు ఓడిపోయిందని చూపిస్తే, ఆ కంపెనీ మళ్ళీ నాకు కారు పంపుతుందా? మీ చేతిలో ఎవరూ ఓడిపోరు. అందుకే కదా మిమ్మల్ని పిలిచేది.”

ఛీ. ఎంతమంది కక్కినవి తుడిచాను, అంత అసహ్యం నాకెప్పుడూ కలగలేదు. మా వాడు మంచినీళ్ళు మానుకుని, గోడవైపు తిరిగి నిలబడి, బూట్లకి అడుగులు వేయించుకుంటూ చేసిన తపస్సంతా వీడికి ఇందుకు పనికొచ్చిందన్నమాట. తప్పుడు తూకం కావాలని తెలిసే వచ్చి కొనుక్కున్నాడు. పైగా మాస్టారూ అని పిలుపొకటి. నేను నోటికొచ్చినట్టు కడిగేశాను. ఏమన్నానో ఇక్కడ రాయలేను, మా ఆయన తర్వాత నాలుగు రోజులు ఆ మాటలు చెప్పి నవ్వాడు. తీర్పరికి చీమ కుట్టినట్టైనా లేదు. ఇంకో బిస్కెట్టు టీలో ముంచాడు.

తమ్ముడు నా భుజం పట్టుకుని పక్కకి జరిపాడు. ఆయనతో, మీరు నా పక్కన కూర్చోండి సార్, రెండు కార్లలోనూ నిజమైన టైము చూపిస్తాను అన్నాడు. అంత స్థిరంగా వాడు మాట్లాడటం ఎన్నడూ లేదు. తీర్పరి మొహం మారింది. నడుము అన్నాడు, ఎండ అన్నాడు, వెలుతురు పోతోంది అన్నాడు. ఎండా, వెలుతురు లేకపోవడమూ ఒకేసారి ఎలా వచ్చాయో మరి. వేగం గురించి లక్షలమందికి చెప్పే మనిషి, వేగంగా వెళ్ళే కారులో కూర్చోవడానికి జంకుతున్నాడు. డ్రైవరమ్మ ఎర్రకారు తాళం తెచ్చి తమ్ముడి చేతిలో పెట్టింది. కంపెనీకి నేను చెప్పుకుంటాను, వెళ్ళండి అంది.

“జరుగు, నేను కూర్చుంటా,” అన్నాడు మా ఆయన.

కర్ర పట్టుకుని షెడ్డులోంచి ఎప్పుడొచ్చాడో చూడలేదు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. మీకేమైనా పిచ్చా, ఒక కాలు ఇచ్చింది చాలదా, రెండోది కూడా ఇస్తారా అని అడ్డం నిలబడ్డాను. తమ్ముడు వద్దు బావా, వద్దు బావా అంటున్నాడు.

“ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే వీడితో మళ్ళీ ఎక్కాల్సింది. వాడు అడగలేదు, నేను అనలేదు. కర్ర పట్టుకో,” అన్నాడు నాతో.

నేను పట్టుకున్నాను. ఆ వంగని మోకాలిని రెండు చేతులతో ఎత్తి, బల్లిలాంటి ఆ కారులో పెట్టుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. డ్రైవరమ్మ బెల్టు బిగించింది.

నేను చూడలేదు. కళ్ళు మూసుకుని గోడని పట్టుకున్నాను. కానీ చెవులు మూసుకోలేం కదా. ఇన్నేళ్ళు ఆ ట్రాకు పక్కన పనిచేశాను, ఏ చోట మా వాడు బ్రేకు తొక్కుతాడో, ఇంజను గొంతు ఎక్కడ తగ్గుతుందో నాకు నిద్రలో కూడా తెలుసు. తిన్నని దారిలోకి వచ్చింది. గీత దగ్గరికి వచ్చింది. గొంతు తగ్గలేదు. ఇంకా తగ్గలేదు. నా గోళ్ళు గోడలో దిగాయి. అప్పుడు తగ్గింది, ఒక్కసారిగా, ఆ వెంటనే టైర్లు కుయ్యిమని, కారు మలుపు తిరిగి అవతలికి వెళ్ళిపోయిన చప్పుడు. నేను కళ్ళు తెరిచేసరికి డ్రైవరమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది.

ఎర్రది అయ్యాక బూడిదది కూడా నడిపారు. ఒక్కటే నడిపితే అది పోలిక ఎలా అవుతుంది అన్నాడు తమ్ముడు. పొద్దుటికంటే ఎర్రది నాలుగున్నర సెకన్లు తగ్గింది, బూడిదది రెండు సెకన్లు. బూడిదదాన్ని కూడా అది ఆగగలిగినంత దూరం తీసుకెళ్ళాడు, అంతకుమించి తీసుకెళ్ళలేదు. ఆపాక, మా ఆయన బూడిదకారులోనే కక్కేశాడు. తుడిచాను. తిట్టుకోకుండా తుడిచిన కారు నా సర్వీసులో అదొక్కటే. తమ్ముడు మాత్రం దిగి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. మోకాలెలా ఉంది బావా అని అడిగాడు. ఆ మాట ఇన్నేళ్ళలో వాడు ఒక్కసారి కూడా అడగలేదు. దానికేం, వంగదు, అంతే అన్నాడు మా ఆయన.

కొత్త టైములు తమ్ముడే తీర్పరికి చెప్పాడు. రోడ్డు మీద బూడిదది మంచిది సార్, ట్రాకు మీద ఎర్రది మంచిది, రెండు సెకన్లకి పైనే తేడా ఉంది, ఇదే వేయండి అన్నాడు. ఆయన తల పంకించి, తప్పకుండా మాస్టారూ, మీరు చెప్పాక ఇంకేముంది అన్నాడు. నమ్మాను. నాలాంటి నోరున్న దద్దమ్మ ఇంకెక్కడా ఉండదు.

వీడియో వచ్చిన రోజు ముగ్గురం మా ముందుగదిలో కూర్చుని చూశాం. మా ఆయన కాలు కుర్చీ మీద బార్లా చాపుకున్నాడు. తమ్ముడు ఫోను రెండు చేతులతో పట్టుకున్నాడు. మొదట్లో రోడ్డు, గులకరాళ్ళ పరిచయం, ఫ్లైఓవరు కింద మోత. బిడ్డ ఏడుపు తీసేశారు. తర్వాత ట్రాకు. ఎర్రకారు తిన్నని దారిలో దూసుకొస్తోంది, తెల్లగీత దాటింది, ఇంకా వస్తోంది, ఆఖరి క్షణంలో ముక్కు దించి మలుపు తిరిగింది. పక్క సీట్లో మా ఆయన గుడ్లప్పగించి కూర్చున్నాడు. కెమెరావాడు ఆ మధ్యాహ్నం ఖాళీగా నిలబడ్డాడు అనుకున్నాం, లేదు, అంతా తీశాడు. తమ్ముడి మొహం వెలిగింది. అప్పుడు కింద అంకెలు పడ్డాయి. పొద్దుటివి. తేడా పదోవంతు సెకను. బొమ్మ మధ్యాహ్నానిది, అంకె పొద్దుటిది. చివర్లో తీర్పరి దండం పెట్టి, ఇంత ఖచ్చితంగా కొలిచిన మా తూకంరాయి గారికి కృతజ్ఞతలు, రెండు కార్లూ సమానమే, మీ మనసు ఏది చెబితే అది కొనుక్కోండి అన్నాడు.

థూ అని నేను నిజంగానే ఉమ్మబోయి, ఇల్లు నాదే కదా అని మింగాను.

తమ్ముడు ఫోన్ చేస్తే తీర్పరి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. అప్పుడు వాడు జీవితంలో ఎప్పుడూ చేయని పని చేశాడు. వీడియో కింద, జనం రాసుకునేచోట, ఒక వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ రాశాడు. ఈ కార్లు నడిపింది నేనే. ఈ టైములు తప్పు. బ్రేకు ముందే తొక్కాను, తప్పు నాదే. నిజమైనవి ఇవి అని రెండు అంకెలూ వేశాడు. తప్పు నాదే అన్న మాట తీసెయ్యరా అని నేను పోరాడాను. తీయలేదు.

కాసేపటికే జవాబులు మొదలయ్యాయి. తమ్ముడు ఒక్కొక్కటే పైకి చదివాడు, గొంతులో ఏ మార్పూ లేకుండా. తూకంరాయి గారి తప్పులు పట్టే మొనగాడివా నువ్వు. ఆయన కాలిగోటికి సరిపోతావా. ఇరవైసార్లు తిప్పినా రెప్పపాటు తేడా రాని మనిషిరా ఆయన, ఆయన నోట తప్పు టైము రాదు. ముందు అలాంటి కారులో ఒకసారి కూర్చుని, తర్వాత మాట్లాడు. పేరు కోసం ఎంతకైనా దిగజారతారు ఛీ. ఇలా వస్తూనే ఉన్నాయి. అందరూ మా వాడి మీద అభిమానంతోనే మా వాణ్ణి తిడుతున్నారు.

మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత మానేశాడు. తమ్ముడు మళ్ళీ వేలితో వెతుక్కుంటూ రాశాడు. ఆ తూకంరాయిని నేనే.

దాని కింద వరసగా నవ్వే బొమ్మలు పడ్డాయి. అవునవును, నేను తీర్పరి తాతని అని ఎవడో రాశాడు, తీర్పరి అన్నచోట ఆయన అసలు పేరు పెట్టి. సాయంత్రానికల్లా వాడు రాసిన రెండూ కనిపించకుండా పోయాయి. వీడియో వాళ్ళే తీసేశారు. పైన తీర్పరి దండం పెడుతూనే ఉన్నాడు.

తమ్ముడు ఫోను నా చేతిలో పెట్టాడు.

“అక్కా, అది నేనేనని వీళ్ళకి ఎలా చూపించాలి?” అని అడిగాడు.

ఎవరినైనా నోటితో కడిగి ఆరేసే నేను, ఆ ఫోను అద్దాన్ని కొంగుతో తుడుస్తూ కూర్చున్నాను.